తక్కువ ఖర్చులో ట్రయథ్లాన్ బైక్‌కి ఏరో వీల్స్
ఏరో వీల్స్ అంటే గాలిని తేలిగ్గా చీల్చుకుపోయే చక్రాలు. బడ్జెట్ తక్కువైతే మొదట వెనక చక్రం సంగతి చూడండి, ఫుల్ డిస్క్ వీల్ (ఊచలు కనపడకుండా పళ్లెంలా మూసేసి ఉండే చక్రం) కొనక్కర్లేదు, ఉన్న చక్రానికే డిస్క్ కవర్ బిగిస్తే ఏరో లాభం చాలావరకు వచ్చేస్తుంది, బరువు కాస్త పెరుగుతుంది గానీ ఫ్లాట్ కోర్సులో అదో లెక్క కాదు. వాల్వ్ దగ్గర గాలి కొట్టడానికి కంత ఉందా, కవర్ ఫ్రేమ్‌కి రాసుకుంటోందా అని చక్రం తిప్పి చూస్కోండి. రేస్ రూల్స్ కూడా చదవండి, హవాయిలోని కోనాలో జరిగే ఐరన్‌మ్యాన్ అనే లాంగ్ ట్రయథ్లాన్ రేసులో పక్కగాలుల భయంతో ఏళ్ల తరబడి డిస్క్ వీల్స్ ఒప్పుకోలేదు.

ముందు చక్రం సెకండ్ హ్యాండ్‌ది, రిమ్ (టైర్ కూర్చునే చట్రం) 50-60 మిల్లీమీటర్ల లోతుంటే చాలు, ఇంకా లోతైతే గాలికి హ్యాండిల్ లాగేస్తుంది. రిమ్ బ్రేక్‌దైతే, అంటే బ్రేక్ రిమ్‌నే నొక్కి ఆపే రకమైతే, అది పట్టే చోట వేలితో తడిమి చూడండి, గుంతలా అరిగితే బేరం కూడా వద్దు. టైర్ కంటే రిమ్ ఓ 5 శాతం వెడల్పుంటే మంచిది.