ఫ్లైట్ సిమ్యులేటర్‌లో దీవి సీనరీకి రివ్యూ రాయడం ఎలా?

కంప్యూటర్‌లో విమానం నడిపించే ఫ్లైట్ సిమ్యులేటర్ వాడేవాళ్లకు దీవులంటే ఒక రకమైన బలహీనత. చిన్న రన్‌వే, పక్కనే కొండ, చుట్టూ నీలం నీళ్లు. అమ్మకం పేజీలో నాలుగు స్క్రీన్‌షాట్లు చూశాక చేయి ఆగదు. చిక్కేమిటంటే, ఇలాంటి సీనరీల (ఒక ప్రాంతాన్ని మరింత వివరంగా చూపడానికి విడిగా కొనుక్కునే యాడ్-ఆన్ ప్యాకేజీల) మీద వచ్చే రివ్యూల్లో చాలావరకు ఆ స్క్రీన్‌షాట్లకే రివ్యూల్లా ఉంటాయి. "నీళ్లు అద్భుతం, టెర్మినల్ సూపర్, కళ్లు మూసుకుని కొనేయండి" అని రాసేస్తారు. డబ్బు పెట్టాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

నగరం సీనరీకి, దీవి సీనరీకి ఒక పెద్ద తేడా ఉంది. నగరం శివార్లకు వచ్చేసరికి డెవలపర్ పని మెల్లగా పలచబడి, సిమ్యులేటర్‌లో ముందే ఉన్న ఇళ్లలో చెట్లలో కలిసిపోతుంది. ఎవరూ పట్టించుకోరు. దీవికి మాత్రం చుట్టూ అంచే. పని ఎక్కడ ఆగిందో నీళ్ల దగ్గర బయటపడిపోతుంది. అందుకే పరీక్షను టెర్మినల్ దగ్గర కాదు, ఒడ్డు దగ్గర మొదలుపెట్టమంటాను.

1. ముందు డిఫాల్ట్ దీవిని చూడండి

యాడ్-ఆన్ ఇన్‌స్టాల్ చేయకముందే, సిమ్యులేటర్‌తో పాటు వచ్చిన అదే దీవి మీద ఒక చుట్టు తిరగండి. చాలామంది దాటవేసే మెట్టు ఇదే. కొనేవాళ్ల అసలు ప్రశ్న "ఈ దీవి బాగుందా" అని కాదు, "ఊరికే వచ్చినదానికంటే ఇది ఎంత బాగుంది" అని.

2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ప్రపంచమంతా బింగ్ మ్యాప్స్ చిత్రాలనే నేలగా పరుస్తుంది. కాబట్టి కొన్ని దీవులు యాడ్-ఆన్ లేకుండానే బాగుంటాయి, కొన్ని మసకగా, ఫొటోలో పడ్డ మబ్బులతో సహా కనిపిస్తాయి. ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్యులేటర్‌లో డిఫాల్ట్ నేల ఫొటో కాదు. అడవి, పొలం, ఊరు అని నేల రకాన్ని బట్టి వేసిన టెక్స్చర్, అంటే నేల మీద అతికించే బొమ్మ. అక్కడ యాడ్-ఆన్ తెచ్చే మార్పు సహజంగానే పెద్దగా కనిపిస్తుంది. ఏ సిమ్యులేటర్, ఏ వెర్షన్ అన్నది రివ్యూ మొదటి పేరాలోనే చెప్పాలనడం ఇందుకే.

ఈ చుట్టులో విమానం, ఎత్తు, సమయం, వాతావరణం, గ్రాఫిక్స్ సెట్టింగ్స్ ఒక కాగితం మీద రాసుకోండి. ఐదారు చోట్ల స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఫ్రేమ్ రేట్ (సెకనుకు తెర మీద గీసే బొమ్మల సంఖ్య) కూడా ఇప్పుడే చూసుకోవాలి. తర్వాత పోల్చడానికి ఇవే ఆధారం.

2. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు

మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో చాలా యాడ్-ఆన్‌లను కమ్యూనిటీ ఫోల్డర్‌లో పెడితే సరిపోతుంది. అదే ప్రాంతానికి సంబంధించిన వేరే యాడ్-ఆన్‌లు ఉంటే పరీక్ష అయ్యేదాకా బయటికి తీసేయండి. రెండు సీనరీలు ఒకదాని మీద ఒకటి పడితే చెట్లలోంచి గోడలు మొలుస్తాయి, ఆ నేరం కొత్త సీనరీ మీద పడుతుంది. రోలింగ్ క్యాష్ (ఇంటర్నెట్ నుంచి వచ్చిన నేల డేటాను డిస్క్‌లో దాచే చోటు) వాడుతుంటే దాన్ని కూడా ఒకసారి ఖాళీ చేయండి.

ఎక్స్-ప్లేన్‌లో కస్టమ్ సీనరీ ఫోల్డర్‌లో ఉండే సీనరీ ప్యాక్స్ అనే ఐఎన్ఐ ఫైల్ తెరిచి వరుస చూడండి. పైన ఉన్న ప్యాకేజీకే ప్రాధాన్యం. ఎయిర్‌పోర్ట్ పైన, ఫొటో నేల, మెష్ (నేల ఎత్తుల వల) కింద ఉండాలి. ఈ వరుస తప్పితే ఎంత మంచి సీనరీ అయినా సగమే కనిపిస్తుంది. డెవలపర్ ఇచ్చిన మాన్యువల్‌లో ఈ విషయం రాశారా లేదా అన్నది కూడా రివ్యూలో ఒక మాటకు తగినదే.

3. ఒడ్డు వెంబడి నెమ్మదిగా ఎగరండి

ఒక చిన్న సింగిల్ ఇంజన్ విమానం తీసుకోండి. 500 అడుగుల ఎత్తులో, తీరం మీ కిటికీ వైపు ఉండేలా, దీవి చుట్టూ పూర్తిగా ఒక రౌండ్ వేయండి. జెట్‌లో వేగంగా పోతే ఏ తప్పూ దొరకదు.

ముందు నీళ్ల రంగు చూడండి. ఉపగ్రహ ఫొటోలో పగడపు దిబ్బల మీద నీళ్లు లేత ఆకుపచ్చగా పడతాయి. దూరంగా సిమ్యులేటర్ సొంతంగా గీసే సముద్రం ముదురు నీలంగా ఉంటుంది. ఈ రెండూ కలిసే చోట మంచి డెవలపర్ రంగును కొద్దికొద్దిగా మారుస్తాడు. తొందరపడ్డవాడి పనిలో అక్కడ కత్తితో కోసినట్టు ఒక గీత కనిపిస్తుంది. ఉదయం ఎండలో తెలియని ఆ గీత సాయంత్రం ఏటవాలు వెలుగులో స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి రెండు వేళల్లోనూ చూడాలి. తర్వాత అలలు. ఫొటోలో పడిన నురగ కదలదు. దాని పక్కనే సిమ్యులేటర్ అల కదులుతుంటే వింతగా ఉంటుంది.

ఇప్పుడు నీళ్ల మీద దిగే ఫ్లోట్‌ప్లేన్ తీసుకుని మడుగులో దిగండి. ఏది నీరు, ఏది నేల అని సిమ్యులేటర్‌కు చెప్పే హద్దును వాటర్ మాస్క్ అంటారు. అది సరిగ్గా లేకపోతే కంటికి నీళ్లలా ఉన్నది నిజానికి నేల మీద పరిచిన నీళ్ల ఫొటో. ఫ్లోట్లు తగలగానే విమానం గీసుకుంటూ ఆగిపోతుంది, లేదా క్రాష్ అని మెసేజ్ వస్తుంది. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది: ఇసుక మీద నీళ్లు ఎక్కి ఉంటాయి. స్క్రీన్‌షాట్‌లో ఎన్నటికీ బయటపడని తప్పు ఇది. సీప్లేన్లు తిరిగే దీవి అయితే రేవు పక్కన కట్టే చోటు కూడా పరీక్షించండి.

ఆటుపోట్ల సంగతి ఇంకో చిక్కు. సాధారణంగా సిమ్యులేటర్లలో సముద్రమట్టం మారదు. స్కాట్లండ్‌లోని బారా దీవిలో రన్‌వేలే ఇసుక తీరం మీద ఉంటాయి. పోటు వచ్చినప్పుడు మునిగిపోతాయి, అందుకే అక్కడ విమానాల వేళలు ఆటుపోట్లను బట్టి మారతాయి. అలాంటి చోటుకు సీనరీ చేసేవాడు ఏదో ఒక స్థితిని ఎంచుకోక తప్పదు. ఏది ఎంచుకున్నాడు, తడి ఇసుక తడిగా కనిపిస్తోందా, రన్‌వే చివర్లను చూపే కర్రలు ఉన్నాయా అన్నవి రాయండి.

చెట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బీచ్ మీద పైన్ చెట్లు మొలిచాయంటే డెవలపర్ సిమ్యులేటర్ ఆటోజెన్‌ను (అది తనంతట తానే పెట్టే చెట్లు, ఇళ్లను) అలాగే వదిలేశాడని అర్థం.

4. కొండను కొలవండి

దీవుల్లో దిగడం ఎందుకు కష్టమో దాన్ని బట్టి సీనరీకి మార్కులు పడాలి. కరీబియన్‌లోని సెయింట్ బార్త్స్‌లో రన్‌వే 10కి వచ్చే దారిలో ఒక కొండ, దాని మీద రోడ్డు. విమానం ఆ కొండను తాకేంత దగ్గరగా దాటి, వెంటనే ఏటవాలుగా దిగాలి. రన్‌వే పొడవు సుమారు 650 మీటర్లు, అవతలి చివర బీచ్. సీనరీలో నేల ఎత్తుల వల, అంటే మెష్, ముతకగా ఉంటే కొండ శిఖరం గుండ్రంగా అరిగిపోయి కుంగిపోతుంది. దిగడం తేలికైపోతుంది. బొమ్మ బాగుంటుంది కానీ అసలు సవాలే పోతుంది. ఆ దారిలో నాలుగైదు సార్లు దిగి, కొండ మీద ఎంత ఎత్తు మిగులుతోందో చూడండి.

పోర్చుగల్ దీవి మదీరాలో పరీక్ష వేరు. 2000లో పొడిగించిన అక్కడి రన్‌వేలో కొంత భాగం కాంక్రీటు స్తంభాల మీద నిలబడి ఉంటుంది. సిమ్యులేటర్‌లోని డ్రోన్ కెమెరాతో కిందికి వెళ్లండి. స్తంభాల మధ్య ఖాళీ ఉందా, లేక మట్టి గుట్ట పోసి పైన కాంక్రీటు రంగు వేశారా? కరీబియన్‌లోని సబా దీవిలో రన్‌వే పొడవు 400 మీటర్లే, రెండు చివర్లా కొండచరియ. అక్కడ చూడాల్సింది ఆ చరియ నిటారుగా ఉందా, పిల్లల జారుడుబండలా వాలిందా అని.

5. ఎయిర్‌పోర్ట్‌ను చార్ట్‌తో పోల్చండి

చాలా దేశాలు తమ ఏరోడ్రోమ్ చార్టులను, అంటే విమానాశ్రయ పటాలను, ఏఐపీ (అధికారిక విమానయాన సమాచార పుస్తకం) పేరుతో ఇంటర్నెట్‌లో పెడతాయి. ఒకటి పక్కన తెరిచి పెట్టుకోండి. రన్‌వే నంబర్లు, పొడవు, జరిపిన థ్రెషోల్డ్ (రన్‌వే అంచు నుంచి లోపలికి జరిపిన, దిగడం మొదలయ్యే గీత), ట్యాక్సీవే పేర్లు సరిచూడండి.

ఎత్తు పరీక్షకు వాతావరణాన్ని నిర్మలంగా, పీడనం 1013 హెక్టోపాస్కల్ దగ్గర పెట్టి, ఎత్తు చూపే ఆల్టీమీటర్‌లోనూ అదే వేసి, రన్‌వే చివర నిలబడండి. చార్ట్‌లో ఉన్న ఎత్తుకు కొద్ది అడుగుల తేడా ఫర్వాలేదు. యాభై అడుగులు తేడా వస్తే మాత్రం రాయాల్సిందే. పాత ఎఫ్‌ఎస్‌ఎక్స్, ప్రిపార్‌త్రీడీ సిమ్యులేటర్లలో ఎయిర్‌పోర్ట్ మొత్తాన్ని ఒకే మట్టంలో చదును చేసేవారు. దాంతో విమానాశ్రయం బల్ల మీద పెట్టినట్టు పైకి లేచో, గోతిలో పడ్డట్టు కిందికి దిగో కనిపించేది. ఇప్పటి సిమ్యులేటర్లలో రన్‌వేకు వాలు ఇవ్వొచ్చు. ఇచ్చారో లేదో ఒక చివర నిలబడి ఇంకో చివర చూస్తే తెలిసిపోతుంది.

పాపీ లైట్లకు (దిగే కోణం సరిగ్గా ఉందో లేదో చూపే రన్‌వే పక్కన దీపాలు) ఒక తేలిక లెక్క ఉంది. 3 డిగ్రీల దారిలో, రన్‌వేకు 3 నాటికల్ మైళ్ల దూరంలో మీరు రన్‌వే కంటే సుమారు 950 అడుగుల ఎత్తులో ఉండాలి. అప్పుడు రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపించాలి. దీవుల్లో ఈ కోణం కొన్నిచోట్ల ఎక్కువగా ఉంటుంది కాబట్టి చార్ట్‌లో ఎంత ఉందో చూసి లెక్క వేసుకోండి.

6. ఇది ఏ ఏడాది దీవి?

దీనికి జవాబు చాలా అమ్మకం పేజీల్లో కనిపించదు. స్పెయిన్‌కు చెందిన లా పాల్మా దీవిలో 2021 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా అగ్నిపర్వతం పేలింది. లావా ఇళ్లను, అరటి తోటలను కప్పేసి సముద్రంలోకి పారి కొత్త నేలను సృష్టించింది. అంటే తీరరేఖే మారిపోయింది. మీ సీనరీలో పడమటి తీరాన లావా నల్లగా ఉందా, తోటలు పచ్చగా ఉన్నాయా? కరీబియన్‌లోని సెయింట్ మార్టిన్ దీవిని 2017 సెప్టెంబర్‌లో ఇర్మా తుఫాను దెబ్బతీసింది, టెర్మినల్ బాగా పాడైంది. పాత దీవిని చూపించడం తప్పేమీ కాదు, కొందరికి అదే ఇష్టం. చెప్పకుండా చూపించడమే ఇబ్బంది.

7. రాత్రి

క్లుప్తంగా చాలు. వీధి దీపాలు నేలను వెలిగిస్తున్నాయా, గోడల్లోంచి వెలుగు కారుతోందా చూడండి. ఒక మెలిక ఉంది: సెయింట్ బార్త్స్‌లో చీకటి పడ్డాక విమానాలు దిగవు. అలాంటి చోట రన్‌వే లైట్లు జిగేలుమంటుంటే అది డెవలపర్ సొంత కవిత్వం.

8. ఫ్రేమ్ రేట్‌ను నిజాయితీగా కొలవండి

"నా దగ్గర స్మూత్‌గా నడిచింది" అన్న వాక్యం రాయకండి. మీ కంప్యూటర్ వివరాలు, రెజల్యూషన్ రాసి, మొదటి మెట్టులో ఎగిరిన అదే దారిని, అదే సెట్టింగ్స్‌తో మళ్లీ ఎగరండి. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే ఫ్రేమ్ రేట్‌తో పాటు, ఆలస్యం గ్రాఫిక్స్ కార్డ్ వల్లా, ప్రాసెసర్ మీద నడిచే మెయిన్ థ్రెడ్ వల్లా అన్నది కూడా చూపిస్తుంది.

సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు. సగటు 40 ఉన్నా, దిగేటప్పుడు ఒక్క ఫ్రేము 200 మిల్లీసెకన్లు తీసుకుంటే, సరిగ్గా చక్రాలు నేలకు తాకే క్షణంలో బొమ్మ ఆగిపోతుంది. దీవుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. సముద్రం మీద గీయడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఎయిర్‌పోర్ట్ దగ్గరపడగానే భారీ టెక్స్చర్లన్నీ ఒక్కసారి మెమరీలోకి వస్తాయి. కాబట్టి చివరి రెండు మైళ్లలో ఏం జరిగిందో విడిగా రాయండి.

9. రాయడం

స్క్రీన్‌షాట్లను ఎడిట్ చేయకండి. డిఫాల్ట్ దీవి, యాడ్-ఆన్ దీవి ఒకే కోణంలో పక్కపక్కన పెట్టండి. ఆ ఒక్క జత మూడు పేరాల పని చేస్తుంది. సీనరీ మీకు ఉచితంగా వచ్చి ఉంటే ఆ మాట పైనే చెప్పండి.

పదికి ఎనిమిది, తొమ్మిది అంటూ మార్కులు వేయడం నాకు నచ్చదు. వాటికి బదులు ఎవరికి పనికొస్తుందో చెప్పండి. "నీళ్లు బాగున్నాయి" అనే బదులు "తూర్పు తీరంలో రంగు గీత సాయంత్రం కనిపిస్తుంది, మడుగులో ఫ్లోట్‌ప్లేన్ దిగదు, కానీ కొండ ఎత్తు సరిగ్గా ఉంది" అని రాస్తే, సీప్లేన్ నడిపేవాళ్లు ఆగిపోతారు, చిన్న విమానంతో దిగడం ప్రాక్టీస్ చేసేవాళ్లు కొంటారు. రెండూ సరైన నిర్ణయాలే.

కనిపించిన తప్పులను ప్రచురించే ముందు డెవలపర్‌కు పంపండి. వాటిలో కొన్ని మీ కంప్యూటర్‌లోని ఏదో పాత ఫైల్ వల్ల అయ్యుండొచ్చు. అప్‌డేట్ వచ్చి ఏదైనా తప్పు సరిదిద్దితే, పాత వాక్యాన్ని చెరిపేయకుండా దాని కిందే వెర్షన్ నంబర్, తేదీ వేసి కొత్త వాక్యం చేర్చండి. పాత వెర్షన్‌నే వాడుతున్నవాళ్లకు ఆ మొదటి వాక్యం ఇంకా అవసరం.