గ్లోబల్ మార్కెట్ స్ట్రాటజీ నోట్ తయారు చేయడం ఎలా?

ఏ దేశపు షేర్లు, బాండ్లలో ఎంత వాటా పెట్టాలో పెట్టుబడిదారులకు సలహా ఇచ్చే పత్రమే స్ట్రాటజీ నోట్, దాన్ని రాసేవారు స్ట్రాటజిస్టు. వడ్డీ రేట్లు తగ్గుతాయని చెప్పడం స్ట్రాటజిస్టు పనిలో తేలికైన భాగం. ఆ తగ్గుదల ఇప్పటికే ధరల్లో కలిసిపోయిందా లేదా అని తేల్చడమే కష్టం. అందుకే ముందు మార్కెట్ ఏమనుకుంటోందో అంకెల్లో రాసుకోండి.

అమెరికా రేట్లకు ఫెడ్ ఫండ్స్ ఫ్యూచర్స్ (అక్కడి బ్యాంకుల మధ్య ఒక్కరోజు అప్పుల వడ్డీ రేటుపై చేసుకునే ముందస్తు ఒప్పందాలు) ఉన్నాయి. ధరను 100 నుంచి తీసేస్తే ఆ నెలకు మార్కెట్ ఊహిస్తున్న సగటు రేటు వస్తుంది: ధర 95.75 అయితే రేటు 4.25 శాతం. మీ లెక్కా 4.25 అయితే మీ దగ్గర కొత్త అభిప్రాయమేమీ లేనట్టే. షేర్లకు వచ్చే 12 నెలల లాభాల అంచనాలు చూసి, సూచీ పెరిగింది లాభాల వల్లనా, పీఈ (షేరు ధర లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) ఉబ్బడం వల్లనా విడదీయండి.

తర్వాత ఆర్థిక వ్యవస్థ నడవగల మూడు దారులు రాసి, ఒక్కోదానికి ఎంత అవకాశముందో వేయండి. ఉదాహరణకు నిదానపు వృద్ధికి 55 శాతం అవకాశం, షేర్లపై రాబడి 8 శాతం. మాంద్యానికి 25, నష్టం 15. జోరుకు 20, రాబడి 18. గుణించి కూడితే 4.25 శాతం. ట్రెజరీ బిల్లు (ప్రభుత్వం స్వల్పకాలానికి తీసుకునే అప్పు పత్రం) 4.5 శాతం ఇస్తుంటే షేర్లలో వాటా పెంచమనడానికి ఆధారం లేదు. చాలా నోట్లు మొదటి దారిలోని 8 దగ్గరే ఆగిపోయి, 'పెంచండి' అనేస్తాయి.

బాండ్ల లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఈల్డ్ అంటే బాండు ఇచ్చే ఏడాది రాబడి; డ్యూరేషన్ 7 అంటే ఈల్డ్ ఒక శాతం పాయింటు పెరిగితే బాండు ధర సుమారు 7 శాతం పడుతుందని. డ్యూరేషన్ 7, ఈల్డ్ 4.5 శాతం అనుకుంటే, ఏడాదిలో ఈల్డ్ సుమారు 0.64 శాతం పాయింట్లు పెరిగేసరికి వడ్డీ ఆదాయమంతా ధర నష్టానికి సరిపోతుంది. షేర్లు పడితే బాండ్లు కాపాడతాయన్న నమ్మకాన్నీ తరచి చూడాలి. 2022లో ద్రవ్యోల్బణం వల్ల రేట్లు పెరిగి, అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 డివిడెండ్లతో కలిపినా సుమారు 18 శాతం, అమెరికా బాండ్ల ప్రధాన సూచీ దాదాపు 13 శాతం నష్టపోయాయి.

విదేశీ సూచీ 10 శాతం పెరిగి, ఆ దేశపు కరెన్సీ 8 శాతం పడితే చేతికొచ్చేది 1.2 శాతమే. కరెన్సీ హెడ్జ్ చేయాలా (మారకపు రేటు నష్టం తగలకుండా ముందే ఒప్పందం చేసుకోవాలా) వద్దా అన్నది నోట్‌లో విడిగా చెప్పండి.

ఎవరెంత అప్పు చేసి ఎటు మొగ్గారో కూడా చూడాలి. 2024 జులై 31న జపాన్ కేంద్ర బ్యాంకు రేటును 0.25 శాతానికి పెంచింది, రెండు రోజులకు అమెరికా ఉద్యోగాల లెక్క నీరసంగా వచ్చింది. చౌకగా యెన్ అప్పు తెచ్చి వేరేచోట పెట్టినవాళ్లు ఒక్కసారిగా బయటపడబోయారు. ఆగస్టు 5న జపాన్ షేర్ల సూచీ నిక్కీ 12.4 శాతం పడి, మర్నాడు 10 శాతానికి పైగా లేచింది. ఫ్యూచర్స్ పొజిషన్ల (ఎవరు ఎటువైపు ఎంత ఒప్పందాలు పెట్టుకున్నారన్న) వివరాలు అమెరికాలో మామూలుగా శుక్రవారం వస్తాయి గాని అవి మంగళవారం నాటివి. హడావుడి రోజుల్లో ఆ మూడు రోజులే కొంప ముంచుతాయి.

ప్రతి సిఫార్సు పక్కన, ఏం జరిగితే దాన్ని వెనక్కి తీసుకుంటారో ముందే రాయండి. 'పరిస్థితి విషమిస్తే' అంటే చాలదు, సూచిక పేరు, అంకె, గడువు ఉండాలి. ఒక్క నెల ఉద్యోగాల లెక్కను ఆ అంకెగా పెట్టుకోకండి, తర్వాతి రెండు నెలల్లో దాన్ని సవరిస్తారు. మూడు నెలల సగటు నయం.

నోట్ మొదటి పేరాలోనే దేని వాటా పెంచాలో, దేనిది తగ్గించాలో చెప్పేయండి. కంప్లయన్స్‌కు (నిబంధనలు పాటించారో లేదో చూసే విభాగానికి) పంపేముందు ప్రతి చార్టు కింద ధరలు ఏ రోజువో, ఏ సమయానివో వేయండి.