జిల్లా పేజీలో సవరలు, జాతాపులు: లెక్క తీసే పద్ధతి

ఉత్తరాంధ్రలోని సవర, జాతాపు తెగల్లాంటి కొండజనాన్ని పత్రికలు చిన్నచూపు చూస్తాయని అందరూ అంటారు. సంపాదకుడి ముందు పెట్టాలంటే మాత్రం లెక్క ఉండాలి.

వరసగా ఒక నెల పేపర్లు తీసుకోవద్దు. వానాకాలమైతే జ్వరాలు, డోలీ మోతలు (రోడ్డు లేక రోగిని కర్రకు కట్టి మోసుకెళ్లడం). ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం దగ్గరైతే డాన్సు ఫొటోలు. ఏ నెల పడితే ఆ నెల బొమ్మే వస్తుంది. ఏడాదిలోని సోమవారాలకు చీటీలు వేసి రెండు తీయండి. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒక్కో రోజుకూ అలాగే. మొత్తం 14 సంచికలు. సంబంధిత వార్తలు 40 కూడా తేలకపోతే ఇంకో 14 తీయాలి.

ఈ-పేపర్ సెర్చ్‌ను నమ్ముకోవద్దు. ‘సవర’ అని కొడితే ఓటర్ల జాబితా సవరణ, జీతాల సవరణ అన్నీ వచ్చి పడతాయి. కంటితో చదవడమే మేలు. ఇంటిపేరు సవర అయి, వార్తలో తెగ ప్రస్తావన వేరే లేనివాటిని విడిగా గుర్తుపెట్టండి.

పాత, కొత్త పేపర్లు పోలుస్తుంటే మరో గొయ్యి ఉంది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి సీతంపేట, భామిని శ్రీకాకుళం నుంచి, కురుపాం, సాలూరు విజయనగరం నుంచి అటు వెళ్లాయి. పాత జిల్లా పేజీలో గిరిజన వార్తలు తగ్గితే అది వివక్షే కానక్కర్లేదు. మూడు జిల్లాల పేజీలూ కలిపి చూడండి, లేదా మందస, మెళియాపుట్టి లాంటి మారని మండలాలకే పరిమితమవ్వండి.

పట్టికలో ఒక్కో వార్తకు ఒక వరస: తేదీ, పేజీ, విషయం, తెగ పేరు రాశారా లేక ‘గిరిజనులు’ అని సరిపెట్టారా, ఫొటో కింద పేర్లున్నాయా, ఎవరు మాట్లాడారు.

అసలు సంగతంతా ఆ చివరి గడిలోనే తేలుతుంది. డోలీ వార్తనే తీసుకోండి. జాలి పుష్కలంగా ఉంటుంది, కానీ మాట్లాడేది గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారి, వైద్యాధికారి, ఎమ్మెల్యే. మోసినవాళ్లలో ఒక్కరి పేరైనా ఉందా? రోడ్డు ఎప్పుడు మంజూరైందో, ఎందుకు ఆగిందో ఊరివాళ్లనే అడిగారా? పేరుతో మాట్లాడినవాళ్లను అధికారి, నాయకుడు, తెగ మనిషి అని మూడుగా విడదీసి లెక్కపెట్టండి. ‘అమాయక’, ‘అడవి బిడ్డలు’ లాంటి మాటలు వేరే గడిలో వేయండి. తిట్టు కాదు కాబట్టి వదిలేస్తారు చాలామంది.

నేర వార్తలకు ఒక పరీక్ష: తెగ పేరు కొట్టేసి చదవండి. వార్త చెడకపోతే అది అక్కడ అక్కర్లేదు. అదే పేజీలో అరెస్టయిన మిగతావాళ్ల కులం రాశారేమో కూడా చూడండి. పోడు (కొండ సాగు) భూముల పట్టాల వార్తలో మాత్రం తెగ పేరు ఉండాల్సిందే.

ఐదో వంతు వార్తలను ఇద్దరు విడివిడిగా నింపాలి. పదింట ఎనిమిది కూడా కలవకపోతే గడుల నిర్వచనాలే సరిగా లేవు. తిరగరాసి మళ్లీ మొదలుపెట్టాలి.

ఏదైనా వార్త మరీ అన్యాయంగా ఉంటే ముందు సంపాదకుడికి కటింగ్ జతచేసి రాయండి. కించపరిచేలా కులం పేరు వాడొద్దని, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది. జవాబు సరిగా లేకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. దినపత్రికైతే వార్త వచ్చిన రెండు నెలల్లోపే. టీవీ ఛానెళ్లు దాని పరిధిలోకి రావు.