పొడి చెత్త కేంద్రం పెడదాం – 4వ పాఠం: కాగితం మీది టన్నులు, కాంటా మీది టన్నులు

పోయిన పాఠం చివర, 50 వేల జనాభా ఉన్న మున్సిపాలిటీలో పొడి చెత్తను ఏరి, కట్టలు కట్టి అమ్మే కేంద్రానికి నెలవారీ ఆదాయం లెక్క వేయమన్నాను. వచ్చిన జవాబులు దాదాపు అన్నీ ఒకే దారి పట్టాయి. తలకు 450 గ్రాములు, అంటే రోజుకు 22.5 టన్నులు. అందులో మూడో వంతు పొడి చెత్త. కిలో సగటున రూ.10. నెలకు రూ.22 లక్షల పైచిలుకు! అంత మిగిలేదే అయితే మున్సిపాలిటీకి టెండరు పిలిచే పని ఉండేది కాదు, పాత సామాన్ల కొట్లవాళ్లే ఎదురు డబ్బిచ్చి ఎత్తుకెళ్లేవాళ్లు. సరుకును నొక్కి కట్టలు కట్టే బేలింగ్ యంత్రాల పాఠం వచ్చే వారానికి వాయిదా. ముందు ఈ లెక్క సరిచేద్దాం.

450 గ్రాములన్నది మహానగరాల అంకె. కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ మాన్యువల్ 2 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లకు 200 నుంచి 300 గ్రాములు వేసుకోమంటుంది. 250 వేసుకుంటే 12.5 టన్నులు. పొడి చెత్త 30 శాతం అనుకుంటే 3.75 టన్నులు. ఇదంతా మీ గేటుకు రాదు. పేపర్లు, అట్టపెట్టెలు, సీసాలు, డబ్బాలు ఇంట్లోవాళ్లే అమ్ముకుంటారు. మిగిలినవాటిలో మంచివి బండి మీది కార్మికులు దారిలోనే ఏరుకుంటారు. ఈ రెండింటికీ కలిపి ఒక టన్ను తీసేయండి. ఇక 2.75. సగం ఇళ్లు తడీ పొడీ కలిపే ఇస్తాయి కాబట్టి అందులోనూ సగమే చేరుతుంది. చివరికి 1.4 టన్నులు.

కార్మికులు ఏరుకోవడాన్ని ఆపించమని శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేస్తామని కొందరు రాశారు. వద్దు. వాళ్లు బయట అమ్మే ధరకే మీ గేటు దగ్గర కొనండి, డబ్బు ఆ రోజే చేతిలో పెట్టండి.

ఈ 1.4 టన్నుల్లో అమ్ముడుపోయేది 40 శాతం అనుకుందాం, 560 కిలోలు, రూ.5,600. కవర్లు, చిప్స్ ప్యాకెట్ల లాంటి చవక ప్లాస్టిక్ 35 శాతం. మిగతా 25 శాతం రిజెక్ట్, అంటే అమ్ముకోలేక పారేయాల్సింది. ఏరే మనిషి రోజుకు 150 కిలోలు తేలుస్తారనుకుంటే తొమ్మిది, పది మంది కావాలి. తలకు రూ.500 కూలి అంటే దాదాపు రూ.5,000. అమ్మకం కూలికి సరి. కరెంటు, రవాణా, మీ మిగులు అన్నీ మున్సిపాలిటీ ఇచ్చే సేవా రుసుములోంచే రావాలి. టెండరులో మీరు కోట్ చేయాల్సింది దాన్నే.

ఇంటింటి వసూళ్లను ఆదాయంలో చూపినవాళ్లు ఆ గడి కొట్టేయండి. ఆంధ్రప్రదేశ్‌లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద 2021లో మొదలైన చెత్త పన్నును రద్దు చేస్తున్నట్టు ముఖ్యమంత్రి 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ప్రకటించారు. ప్రభుత్వం ఒక్క మాటతో తీసేయగల రాబడి మీద బ్యాంకు వాయిదా కట్టలేం. ఈపీఆర్ సర్టిఫికెట్ల గడి కూడా కొట్టేయండి. తమ ప్లాస్టిక్ ప్యాకింగును రీసైకిల్ చేయించే బాధ్యత తీరిందని చూపడానికి కంపెనీలు కొనే పత్రాలివి. వాటిని పుట్టించేది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదైన ప్రాసెసర్ (ప్లాస్టిక్‌ను రీసైకిల్ చేసే సంస్థ), ఏరి కట్టలు కట్టే కేంద్రం కాదు. మీ సరుకుకు ఆ ప్రాసెసర్ దగ్గర మెరుగైన ధర అడగండి, అంతే.

ఇక రిజెక్ట్. మీకిచ్చిన నమూనా ఒప్పందంలో ‘మిగులు వ్యర్థాల బాధ్యత నిర్వాహకుడిదే’ అన్న వాక్యాన్ని ఒక్కరూ గీత గీసి ప్రశ్నించలేదు. రోజుకు 350 కిలోలు, నెలకు పదిన్నర టన్నులు. ట్రాక్టరుకు రెండు టన్నుల చొప్పున ఆరు ట్రిప్పులు. కిరాయి పెద్ద భారం కాదు. చిక్కంతా డంప్ యార్డు గేటు దగ్గర వస్తుంది: ‘ఇది ప్రైవేటు లోడు, రాసిచ్చిన అనుమతి ఏది?’ అని ఆపుతారు. సరుకు షెడ్డు వెనక పేరుకుంటుంది. ఎండాకాలంలో ఒక్క బీడీ ముక్క చాలు. అంటుకుంటే కాలుష్య నియంత్రణ మండలి నోటీసు వచ్చేది మీకే. పైగా ఆ 25 శాతం మీ చేతుల్లో లేదు. ఇళ్లు వేరుచేసి ఇస్తే తగ్గుతుంది, లేకపోతే పెరుగుతుంది. ఇళ్లచేత వేరుచేయించే పని మున్సిపాలిటీది. వానాకాలంలో రిజెక్ట్ 40 శాతం కూడా దాటొచ్చు. పెళ్లిళ్ల రోజుల్లో అన్నం అంటిన పేపరు ప్లేట్లు, ఎన్నికలప్పుడు ఫ్లెక్సీలు, ఎండాకాలంలో కొబ్బరి బొండాలు, ఏడాది పొడుగునా డైపర్లు: అన్నీ పొడి చెత్త బండిలోనే వస్తాయి. ‘రిజెక్ట్ 15 శాతం మించితే జరిమానా’ అనే షరతు కూడా ఉంటే, మున్సిపాలిటీ పని జరగనందుకు మీరు డబ్బు కడతారు. కాబట్టి సంతకానికి ముందు మూడు అడగండి. రిజెక్ట్‌ను మున్సిపాలిటీ బండే తిరుగు ప్రయాణంలో తీసుకెళ్లాలి. హద్దు శాతాన్ని మొదటి 30 రోజుల తూకం చూశాకే రాసుకోవాలి. రోజుకు టన్ను కన్నా తక్కువ వచ్చినా టన్నుకు రుసుము చెల్లించాలి. మూడూ దొరక్కపోతే మొదటిదాన్ని మాత్రం వదలొద్దు.

చవక ప్లాస్టిక్ సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్తుంది. మేళ్లచెరువు, జగ్గయ్యపేట, తాడిపత్రి, తాండూరు చుట్టుపక్కల ఏది దగ్గరైతే అది. 2016 ఘన వ్యర్థాల నియమాల్లోనే కిలోకు 1500 కిలో క్యాలరీలు, అంతకు మించి వేడినిచ్చేదాన్ని భూమిలో పూడ్చకూడదన్నారు కాబట్టి దీనికి వేరే దారి వెతక్కండి. పీవీసీ పైపులు, ఫ్లెక్సీలు మాత్రం కలపొద్దు. వాటిలోని క్లోరిన్ సిమెంటు బట్టీ ప్రీహీటర్లో (ముడిసరుకును ముందుగా వేడిచేసే భాగంలో) పొరలు కట్టిస్తుంది, అందుకే లోడు వెనక్కి పంపుతారు. తడి సరుకు పంపితే నీళ్లకు కిరాయి కట్టి, మళ్లీ తూకంలో కోత తింటారు. పరదా కింద ఒక రోజు ఆరబెట్టి కట్ట కట్టండి.

అభ్యాసం. ఏదైనా ఒక వార్డు పొడి చెత్త బండిని ఏడు రోజులు వరసగా పట్టుకోండి, ఆదివారం, వాన కురిసిన రోజు కలిసేలా. బండిని నిండుగా, ఖాళీగా రెండుసార్లూ తూయండి. ఖాళీ బరువు ప్రతి ట్రిప్పుకూ తూయాల్సిందే, ఆర్సీలోది పనికిరాదు: అడుగున బురద, తడిసిన పరదా, నీళ్ల డ్రమ్ము అన్నీ బరువే. అందులోంచి 100 కిలోలు గుట్టపోసి బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. మిగిలిన 50 కిలోలను మళ్లీ కలిపి అలాగే చేస్తే 25 మిగులుతాయి. వాటిని పెట్ సీసాలు, గట్టి ప్లాస్టిక్, పాలకవర్లు, మిగతా కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, అట్ట, కాగితం, గాజు, లోహం, గుడ్డలూ చెప్పులూ, డైపర్లూ ప్యాడ్లూ, మట్టి అని 12 కుప్పలు చేసి విడివిడిగా తూయండి. చేతులకు మందపాటి గ్లవ్స్ తప్పనిసరి. ప్రతి రోజు చీటీ మీద బండి డ్రైవరు సంతకం తీసుకోండి. రిజెక్ట్ హద్దు మీద కమిషనర్ ముందు బేరమాడేటప్పుడు బల్ల మీద పెట్టాల్సింది ఈ ఏడు చీటీలే.