దంతవైద్యం చదవాలనుకునే నల్గొండ, పాలమూరు విద్యార్థులకు

మన జిల్లాల్లో దంతవైద్యం చదవాలా వద్దా అన్న నిర్ణయం చాలా ఇళ్లలో నీట్ ఫలితాలు వచ్చి, ఎంబీబీఎస్ సీటు అందదని తేలిపోయిన పూటే జరుగుతుంది. అలా చేరి మంచి వైద్యులైనవారు లేకపోలేదు గానీ, మొదటి రెండేళ్లు దిగులుతోనే గడిపినవారిని నేను ఎక్కువగా చూశాను. ఈ వృత్తిలో సగం వైద్యమైతే మిగిలిన సగం చేతిపని. అందువల్ల ఇంటర్ చదువుతుండగానే మీ ఊరికి దగ్గర్లో ఉన్న దంతవైద్యుడి అనుమతి తీసుకుని, రెండు మూడు పూటలు క్లినిక్‌లో ఓ మూల నిలబడి చూడండి. చీము పట్టిన పన్ను వాసన, ఉమ్మిలో కలిసిన రక్తం, మెడ వంచి ముప్పావు గంటసేపు వేలెడంత చోటులో చేసే పని మీకు సరిపడతాయో లేదో ఏ కోచింగ్ సెంటరూ చెప్పలేదు.

చదువు సంగతికి వస్తే, ఇంటర్‌లో బైపీసీ తీసుకోవాలి. భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో కలిపి సాధారణ వర్గం వారికి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు 40 శాతం మార్కులు రావాలి. ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. నీట్‌లో 180 ప్రశ్నలకు 720 మార్కులుంటాయి, వాటిలో 360 జీవశాస్త్రానివే. ప్రశ్నపత్రాన్ని తెలుగులోనూ ఎంచుకోవచ్చు గానీ, కాలేజీలో పుస్తకాలూ పరీక్షలూ అన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి కాబట్టి, తెలుగు మాధ్యమం పిల్లలు శరీర భాగాల పేర్లను ఇంటర్‌లోనే రెండు భాషల్లో నేర్చుకుంటే తర్వాత ఇబ్బంది పడరు.

రాష్ట్రంలో సీట్ల భర్తీని వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం చూస్తుంది. ప్రభుత్వ కాలేజీ సీట్లలో 15 శాతం మాత్రం అఖిల భారత కోటా కింద ఢిల్లీ నుంచి నింపుతారు. ప్రభుత్వ దంత కళాశాల హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ఉంది. మన వైపు మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్, నార్కట్‌పల్లిలో కామినేని దంత కళాశాలలున్నాయి. స్థానికత లెక్క మీరు ఎక్కడ చదివారన్న దానిమీద ఆధారపడుతుంది కాబట్టి, ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఫలితాలకు ముందే సిద్ధం చేసుకోవాలి. మూతపడిన ప్రైవేటు బడి రికార్డుల కోసం మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ తిరగడానికి కౌన్సెలింగ్ వారం చాలదు.

వెబ్ ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి ఒకసారి వెళ్లి రండి. భవనం ఎంత పెద్దదన్నది పక్కనపెట్టి, ఉదయం పది గంటలకు ఓపీ దగ్గర ఎంతమంది రోగులు కూర్చున్నారో లెక్కపెట్టండి. రోగులు రాని దంత కళాశాలలో చదవడం నీళ్లు లేని బావిలో ఈత నేర్చుకోవడం లాంటిది. కన్వీనర్ సీటుకూ మేనేజ్‌మెంట్ సీటుకూ ఫీజులో తేడా చాలా ఎక్కువ. ఉన్న రెండెకరాలు అమ్మి మేనేజ్‌మెంట్ సీటు కొనవద్దనే నేను చెబుతాను, ఎందుకంటే చదువు పూర్తయ్యాక క్లినిక్ పెట్టడానికి మళ్లీ డబ్బు కావాలి, తొలి మూడు నాలుగేళ్ల సంపాదన ఆ అప్పుల వడ్డీకి సరిపోవడం కూడా కష్టం.

దంతవైద్య డిగ్రీ బీడీఎస్ నాలుగేళ్ల చదువు, ఆపైన ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాది శరీర నిర్మాణం, శరీరధర్మశాస్త్రం, జీవరసాయనం ఉంటాయి గానీ, విద్యార్థిని నిజంగా పరీక్షించేది మైనపు దిమ్మ. చేతిలో ఒక మైనపు కడ్డీ, చిన్న చెక్కుడు కత్తి, ఒక స్కేలు పెట్టి పన్ను చెక్కమంటారు. పైదవడ ముందు పన్నునే తీసుకుంటే, కనిపించే భాగం పొడవు 10.5 మిల్లీమీటర్లు, వేరు 13, వెడల్పు 8.5. కొలతలన్నీ సరిగ్గా వచ్చినా అది పన్నులా కాక సుద్దముక్కలా కనబడుతుంది. మధ్యగీత వైపు అంచు మూల పదునుగా, అవతలి మూల కాస్త గుండ్రంగా ఉండాలని, ఆ తేడాను బట్టే అది కుడి పన్నో ఎడమ పన్నో చెప్పవచ్చని అర్థమయ్యేసరికి నాకు పదకొండు దిమ్మలు అయిపోయాయి. పన్నెండోదాన్ని చూసి మా మేడం మాట్లాడకుండా సంతకం పెట్టారు. మైనపు దిమ్మలు హాస్టల్‌కు తెచ్చుకుని రోజూ అరగంట చెక్కండి. అయిదేళ్ల తర్వాత పిప్పిపన్నుకు సిమెంటు నింపి దానికి మళ్లీ పన్ను ఆకారం ఇవ్వాల్సినప్పుడు పనికొచ్చేది ఆ అరగంటే.

రెండో ఏడాది కృత్రిమ పళ్ల నమూనాల మీద ఎయిరోటార్ (పన్నును అరగదీసే, వేగంగా తిరిగే పరికరం) పట్టుకోవడం, కట్టుడు పళ్లు అమర్చడం నేర్పుతారు. మూడో ఏడాది నుంచి రోగుల దగ్గరికి పంపుతారు. ఇక్కడ దక్షిణ తెలంగాణ విద్యార్థికి పుస్తకంలో ఒక పుట మాత్రమే ఉన్న విషయం కళ్లముందు కూర్చుంటుంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ల పళ్ల మీది గోధుమ రంగు మచ్చలను మీరు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. పెళ్లిచూపుల ముందు ఒక తండ్రి కూతురిని తీసుకొచ్చి, "సారూ, పళ్లకు గార పట్టింది, జర కడిగి తెల్లగ చెయ్యుండ్రి" అంటాడు. అది పైన పట్టిన గార కాదని, బిడ్డకు ఎనిమిదేళ్లు నిండకముందు, పంటి పైపొర ఎనామిల్ తయారవుతున్న కాలంలో తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల లోపలే పడిన మచ్చ అని, గార తీసే స్కేలింగ్‌తో పోదని ఓపికగా చెప్పాలి. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చని, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాటరాదని మన దేశ ప్రమాణం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) నల్గొండ పేరే పెట్టింది. చికిత్సలో మచ్చ లోతును బట్టి పైపొరను పలచగా అరగదీయడం, బ్లీచింగ్, కాంపోజిట్ (పంటి రంగు పూత), వెనీర్ (పన్ను ముందువైపు అంటించే పలుచని రేకు) అన్న వరుస ఉంటుంది. ఫ్లోరైడ్ పట్టిన ఎనామిల్ ఆసిడ్‌కు అంత తేలిగ్గా లొంగదు కాబట్టి, కాంపోజిట్ అంటించేముందు మామూలు పంటికన్నా ఎక్కువసేపు ఎచింగ్ చేయాలి, అంటే ఆసిడ్‌తో పైపొరను గరుకు చేయాలి. ఈ సంగతి తెలియనివాడు పెట్టిన కాంపోజిట్ నాలుగు నెలల్లో ఊడివస్తుంది, అమ్మాయి మళ్లీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతుంది.

మన వైపు రోగుల్లో కనిపించే రెండో సమస్య తంబాకు, గుట్కా. ఏ పంటి కోసం వచ్చినా సరే, రోగిని తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోమనడం అలవాటు చేసుకోండి. రెండు వేళ్లే పడితే, కారం తింటే బుగ్గలు మండుతున్నాయని చెబితే, బుగ్గ లోపలి పొర తెల్లబారి బిగుసుకుపోతోందేమో వేలితో తడిమి చూడాలి. అది క్యాన్సరుకు ముందు దశ కావచ్చు.

ఇంటర్న్‌షిప్ ఏడాదిని ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) పుస్తకాలకే ఇచ్చేసి పని నేర్చుకోనివారు తర్వాత బాధపడతారు. ఆ ఏడాదిలో కనీసం పళ్లు తీయడం, మత్తు ఇంజెక్షన్, ఒక వేరున్న పళ్లకు రూట్ కెనాల్ ఎవరి సాయమూ లేకుండా చేయగలగాలి. ఇంజెక్షన్‌కు ముందు బీపీ, షుగరు, రక్తం పలచబడే మాత్రల సంగతి అడగాలి. ఇంటర్న్‌షిప్ ముగిశాక రాష్ట్ర దంత మండలిలో రిజిస్టర్ కానిదే ప్రాక్టీసు చేయకూడదు. 1948 నాటి దంతవైద్యుల చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ దంత కమిషన్ చట్టం చేసింది. చివరి ఏడాది విద్యార్థులకు దేశమంతటా ఒకే పరీక్ష పెట్టాలని అందులో ఉంది కాబట్టి, ఇప్పుడు చేరేవారు దాని ప్రకటనలు చూస్తూ ఉండాలి. పైచదువు ఎండీఎస్ మూడేళ్లు, తొమ్మిది విభాగాలు, ప్రవేశం నీట్ ఎండీఎస్ ద్వారా. నా సలహా ఏమిటంటే, ఏదైనా క్లినిక్‌లో ఒకటి రెండేళ్లు సహాయకుడిగా పనిచేసి, ఏ పని చేస్తున్నప్పుడు గడియారం గుర్తు రాదో చూసుకుని విభాగం ఎంచుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో డెంటల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టులుంటాయి గానీ, నోటిఫికేషన్లు అరుదు. వాటినే నమ్ముకుని ఇంట్లో కూర్చోవడం తగదు.

సొంత క్లినిక్ పెట్టేవారు హైదరాబాదులో సందుకొకటి ఉన్న చోట కాకుండా దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్, మక్తల్ వంటి పట్టణాలను చూడాలి. జిల్లా వైద్యాధికారి దగ్గర క్లినిక్ నమోదు, ఎక్స్‌రే యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి రిజిస్ట్రేషన్, వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, సూదులు తెల్లటి గట్టి డబ్బాలోకి పోవాలి. కుర్చీ కొంచెం పాతదైనా ఫరవాలేదు గానీ, పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే, 121 డిగ్రీలకు వెళ్లే మంచి ఆటోక్లేవ్ మాత్రం కొత్తదే కొనండి. ఎయిరోటార్‌కు నీళ్లందించే సీసాలో బోరు నీళ్లు పోయకండి, మన వైపు నీళ్లకు ఉప్పు పేరుకుని దాని రంధ్రాలు మూసుకుపోతాయి.

మరొక విషయం క్లినిక్ వేళలకు సంబంధించినది. రూట్ కెనాల్‌కు రెండు మూడుసార్లు రావాలంటే పల్లె మనిషి కూలి వదులుకుని రాడు. నొప్పి తగ్గగానే మధ్యలో ఆపేస్తాడు, ఆరు నెలలకు అదే పన్ను చీము పట్టి తీయించుకోవడానికి వస్తాడు. అందుకని నేను వారపు అంగడి రోజున పొద్దున్నే ఎనిమిదింటికి తలుపు తెరుస్తాను. ఈ అంగడికి మొదటి దఫా, వచ్చే అంగడికి రెండోది, ఆ పై అంగడికి క్యాప్ కొలత అని చీటీ మీద తెలుగులో రాసి ఇస్తాను. కూరగాయల సంచి కుర్చీ పక్కన పెట్టుకుని వస్తారు.