చెరువు పక్కన ఇల్లు కొనేవారు ముందుగా చూడవలసిన గీత

నేను చూసినంతలో హైదరాబాద్‌లో చెరువు పక్క స్థలాలను వేసవిలోనే ఎక్కువగా చూపిస్తారు. అప్పటికి నీళ్ళు చెరువు నడిమధ్యకు పోయి ఉంటాయి, ఒడ్డున నేల ఎండి గట్టిపడి ఉంటుంది, సాయంత్రమైతే చల్లగాలి వీస్తుంది; ఇంత దూరం నీళ్ళు వస్తాయా అన్న అనుమానమే కొనేవారికి కలగదు. కానీ చట్టం దృష్టిలో చెరువు అంచు అంటే మే నెలలో నీళ్ళు నిలిచిన చోటు కాదు. చెరువు నిండి మత్తడి (అదనపు నీరు బయటికి పోయే చోటు) మీదుగా పొర్లడానికి సిద్ధమైనప్పుడు నీరు ఎంతవరకు పరుచుకుంటుందో ఆ గీతే అంచు. దాన్నే పూర్తి నీటిమట్టం అనీ, వాడుకలో ఎఫ్‌టీఎల్ అనీ అంటారు. ఇంటి ప్లానునూ ధరనూ దస్తావేజులనూ చూడకముందే ఈ గీత ఎక్కడుందో తెలుసుకోవాలి, ఎందుకంటే మిగిలిన కాగితాలన్నీ పక్కాగా ఉండి కూడా ఈ ఒక్క గీత కారణంగా చిక్కుల్లో పడ్డ ఇళ్ళు మన నగరంలో తక్కువేమీ కాదు.

గీత లోపల కట్టడానికి అనుమతి ఉండదు. గీత దాటాక కూడా కొంత దూరం ఖాళీగా వదలాలి, దాన్నే బఫర్ జోన్ అంటున్నాము. 2012 ఏప్రిల్ 7న వెలువడిన జీవో 168లోని భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటె చిన్న చెరువులకూ కుంటలకూ శిఖం భూములకూ (నీళ్ళు తగ్గినప్పుడు తేలే చెరువు లోపలి భూములు) 9 మీటర్లు వదలాలి. కాలువ, వాగు, నాలా పక్కన అయితే వెడల్పు 10 మీటర్లకు మించినప్పుడు 9 మీటర్లు, 10 మీటర్ల లోపు ఉన్నప్పుడు 2 మీటర్లు. మూసీ వంటి నదికి పురపాలక సంఘాల పరిధిలో 50 మీటర్లు, ఆ పరిధి వెలుపల 100 మీటర్లు. ఈ దూరాన్ని కంటికి కనబడే నీటి నుంచి కాక, నీటిపారుదల, రెవెన్యూ శాఖలు ఖరారు చేసిన హద్దు నుంచి కొలవాలి. ఇక్కడ ఒక పొరపాటును ప్రత్యేకంగా చెప్పాలి. అమ్మేవారు నాలా సర్టిఫికెట్ ఉందని చెప్తే పక్కనున్న మురుగునాలా గురించిన అనుమతి అని చాలామంది అనుకుంటారు. అది వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చిన పత్రం మాత్రమే. నీటి నాలాకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

గీతను కనుక్కోవడానికి మొదటి మెట్టు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైటు. అందులో జిల్లా, మండలం, గ్రామం వారీగా చెరువులూ వాటి పటాలూ ఉంటాయి. ఆ చెరువుకు ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే వచ్చిందా, అభ్యంతరాలన్నీ విన్నాక తుది నోటిఫికేషన్ కూడా వచ్చిందా అన్నది తప్పక చూడాలి, ఎందుకంటే ప్రాథమిక దశలో ఉన్న గీత ముందుకో వెనక్కో జరిగే అవకాశం ఉంటుంది. పటంలోని సర్వే నంబర్లను మీ దస్తావేజులోని సర్వే నంబరుతో పోల్చాలి. ఆ తరువాత గ్రామ నక్షా (సర్వే నంబర్ల పటం) నకలు తీసుకొని, లైసెన్సు ఉన్న సర్వేయరుతో స్థలంలోని నేల ఎత్తును కొలిపించాలి. పూర్తి నీటిమట్టం సముద్రమట్టం నుంచి లెక్కగట్టిన అంకె; హుస్సేన్‌సాగర్‌కు అది 513.41 మీటర్లు. మీ చెరువు అంకె తెలిస్తే మీ స్థలం దానికి పైన ఉందో కింద ఉందో సర్వేయరు ఒక్క రోజులో చెప్పగలడు. అంకె దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద నీటిపారుదల శాఖను అడగాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసి ఉంటుంది. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను వరుసగా తిప్పి చూడడం కూడా మంచిదే, మట్టి పోసి పూడ్చిన చోటు అక్కడ ఇట్టే తెలిసిపోతుంది.

శిఖం పట్టా విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చెరువు లోపల నీళ్ళు తగ్గినప్పుడు సాగు చేసుకునే భూములకు మన ప్రాంతంలో కొందరు రైతుల పేరిట పట్టాలు ఉన్నాయి. ఆ పట్టా నిజమైనదే, యజమానీ నిజమైనవాడే, ఈసీలో (ఆస్తిపై తాకట్లూ లావాదేవీలూ చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) ఏ తాకట్టూ కనబడకపోవచ్చు. అయినా ఆ భూమిలో సాగు చేసుకోవచ్చునే గాని ఇల్లు కట్టకూడదు. మా బంధువుల్లో ఒకరు ఇలాంటి స్థలానికి అడ్వాన్సు ఇచ్చిన తరువాతనే పాత పహాణీ (భూమి, సాగు వివరాలు రాసే రెవెన్యూ రికార్డు) నకలు తీశారు, అందులో శిఖం అన్న మాట కనబడింది. ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి ఆ కుటుంబానికి ఏడాదికి పైగా పట్టింది. కాబట్టి ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో నేడు కనబడే వివరంతో ఆగకుండా 1954-55 నాటి ఖాస్రా పహాణీ, దొరికితే సేత్వార్ (పాత సర్వే రికార్డు) నకళ్ళు కూడా తీసుకోవాలి. పాత రికార్డులో శిఖం, తాలాబ్, కుంట అన్న మాటల్లో ఏది కనబడినా అక్కడితో ఆగి న్యాయవాదిని కలవాలి.

రిజిస్ట్రేషన్ జరిగింది, ఆస్తిపన్ను కడుతున్నారు, కరెంటు మీటరు ఉంది, బ్యాంకు లోను కూడా ఇచ్చింది అని అమ్మేవారు చెప్పే నాలుగు మాటల్లో ఏదీ కట్టడానికి అనుమతి ఉందని రుజువు చేయదు. అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద కూడా ఎఫ్‌టీఎల్, బఫర్‌లోని ప్లాట్లను క్రమబద్ధీకరించరు. చెరువుల్లోని ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2024 జూలైలో ఏర్పడింది. ఆ ఆగస్టులోనే మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఏళ్ళ తరబడి నడిచిన ఒక పెద్ద కన్వెన్షన్ కేంద్రాన్ని కూల్చారు. అపార్ట్‌మెంటు అయితే తెలంగాణ రెరా (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) వెబ్‌సైటులో ప్రాజెక్టు నంబరు కొట్టి, మంజూరైన ప్లానులో బఫర్ పట్టీ ఎక్కడ చూపించారో చూడాలి. ఆ పట్టీని పార్కు కోసం వదిలే ఖాళీ స్థలం కింద లెక్కించవచ్చు గాని భవనం చుట్టూ వదలవలసిన సెట్‌బ్యాక్ కింద లెక్కించకూడదు.

కాగితాలు సరిపోయిన తరువాత నేల మీద చూడవలసింది చాలా ఉంటుంది. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు నిండితే దాని మత్తడి నీరు కిందిచెరువుకు చేరుతుంది. అందువల్ల మీ చెరువును మాత్రమే చూస్తే చాలదు, దాని పైన ఏ చెరువు ఉందో, మత్తడి నీరు ఏ దారిన పోతుందో, ఆ దారిలో ఇప్పుడు ఏ గోడ అడ్డుగా ఉందో నడిచి చూడాలి. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు నీళ్ళు ముంచెత్తింది చెరువు ఒడ్డున ఉన్నవారిని కాదు, కట్ట కింద హాఫిజ్‌బాబానగర్ వైపు ఉన్నవారిని. చెరువు కనబడేంత దగ్గరలో లేకపోయినా కట్టకు దిగువన ఉన్న ఇల్లు చెరువు పక్క ఇల్లే. చుట్టుపక్కల గోడల మీద తడి చారలు ఎంత ఎత్తున ఉన్నాయో చూడాలి. చేపలు పట్టేవారినీ పాత కిరాణా కొట్టువారినీ 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో అడగాలి. వాళ్ళ జవాబు ఏ నివేదికకూ తీసిపోదు. గుర్రపుడెక్క పేరుకుపోయిన చెరువైతే దోమలూ వాసనా ఏడాది పొడవునా ఉంటాయని ముందే అనుకోవాలి.

కేరళ కాయల్ (సముద్రతీరపు ఉప్పునీటి సరస్సు) ఒడ్డున ఇంటి ముందు కట్టిన పడవలను చూసివచ్చినవారు ఇక్కడ కూడా ఇంటి వెనక మెట్లకు సొంత పడవ కట్టుకోవాలని ఆశపడతారు, కొన్ని బ్రోచర్లలో అలాంటి బొమ్మలూ ఉంటాయి. 1317 ఫస్లీ (1907-08) నాటి భూ రెవెన్యూ చట్టం 24వ సెక్షను ప్రకారం చెరువులూ కుంటలూ కాలువలూ పారే నీళ్ళూ ప్రభుత్వ ఆస్తి. సేల్ డీడు మీకు నేల మీద హక్కు ఇవ్వగలదు గాని నీటి మీద ఇవ్వలేదు. అమ్మేవారికి లేని హక్కును కొనేవారు సంపాదించలేరు. హుస్సేన్‌సాగర్‌లో విహార పడవలను పర్యాటక సంస్థ నడుపుతుంది, తెరచాప పడవలు నేర్చుకోవాలంటే అక్కడే క్లబ్బులు ఉన్నాయి. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాలు. కాబట్టి పడవ పేరు చెప్పి ధర పెంచితే ఆ పెంచిన మొత్తాన్ని బేరంలో నిస్సంకోచంగా తీసేయించాలి. కట్ట మీదికి నడిచే దారి ఉందని చెప్తే మాత్రం అది లేఅవుట్ ప్లానులో ప్రజా రహదారిగా ఉందో, ఎవరి ప్లాటులోంచి పోతుందో చూసుకోవాలి.

ఒప్పంద పత్రం రాయించేటప్పుడు అడ్వాన్సు తక్కువగా ఉంచాలి. స్థలం ఎఫ్‌టీఎల్, బఫర్ వెలుపల ఉందని నీటిపారుదల, రెవెన్యూ శాఖల నుంచి పత్రం తెచ్చే బాధ్యత అమ్మేవారిదని, గడువులోగా తేకపోతే సొమ్ము మొత్తం తిరిగి ఇవ్వాలని స్పష్టంగా రాయించాలి. తనకు తెలిసిన ముఖ్యమైన లోపాలను కొనేవారికి చెప్పడం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను కింద అమ్మేవారి బాధ్యత, అయినా కాగితం మీద ఉన్న మాటకు బలం ఎక్కువ. హద్దుల పట్టికలో తూర్పున చెరువు అని మాత్రమే రాస్తే ఒప్పుకోకూడదు. ఎఫ్‌టీఎల్ హద్దురాయి నుంచి ఎన్ని మీటర్ల దూరమో రాయించి, సర్వేయరు గీసిన పటాన్ని జతపరచాలి. వీలైతే ఒప్పందం గడువును అక్టోబరు చివరి దాకా పెట్టించుకొని, ఆ వర్షాకాలంలో మత్తడి పారే రోజున వెళ్ళి, హద్దురాయి దగ్గర నిలబడి నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచిన తరువాతనే మిగతా సొమ్ము చెల్లించాలి.