డాల్టన్ హైవే మీద ఒంటరిగా: ముందు టైరు, తర్వాతే ఎలుగుబంటి

అలాస్కాలో డాల్టన్ హైవే మీద ఒక్కరే వెళ్తున్నామంటే ఇంట్లోవాళ్లు మొదట అడిగేది ఎలుగుబంట్ల గురించే. ఉన్నాయి, కాదనను. కానీ ఆ దారిలో ఎక్కువమందిని ఏడిపించేవి టైరు, పెట్రోలు, ఎదురుగా వచ్చే లారీ. ఈ మూడింటి సంగతి చూసుకుంటే మిగతాదంతా ఓపికగా బండి నడపడమే.

ఫెయిర్‌బ్యాంక్స్ నగరం నుంచి ఉత్తరంగా సుమారు 84 మైళ్లు వెళ్తే డాల్టన్ మొదలవుతుంది, అక్కడి నుంచి రోడ్డు చివరనున్న డెడ్‌హార్స్ అనే చమురు క్యాంపు దాకా 414 మైళ్లు. 1974లో చమురు పైప్‌లైన్ పనుల కోసం వేసిన రోడ్డు ఇది, మామూలు జనాన్ని చివరిదాకా వెళ్లనిచ్చింది 1994లో. ఇప్పటికీ అది లారీల రోడ్డే, మనం చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లం.

అద్దె కారు అయితే అగ్రిమెంట్ మొత్తం చదవండి. చాలా కంపెనీలు ఈ రోడ్డు మీదకి తీసుకెళ్లొద్దని రాసే ఉంచుతాయి. ఎవరు చూస్తారులే అని వెళ్లి మధ్యలో బండి ఆగిపోతే ఇన్సూరెన్స్ పనికిరాదు, వెనక్కి లాక్కొచ్చే ఖర్చు మొత్తం మీ నెత్తినే పడుతుంది. కంకర రోడ్డుకి ఒప్పుకునే అద్దె కంపెనీలు ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉన్నాయి, రేటు ఎక్కువే అయినా వాళ్ల దగ్గరే తీసుకోండి.

స్పేర్ టైరు అసలు టైరంత సైజులో ఉండాలి, వీలైతే రెండు పెట్టుకోండి. డిక్కీలో వచ్చే ఆ సన్నటి టైరు ఈ రాళ్ల మీద ఎక్కువసేపు నిలబడదు. బయల్దేరే ముందు ఇంటి దగ్గరే ఒకసారి మీ చేత్తో మీరే టైరు విప్పి బిగించి చూడండి, ఎందుకంటే షాపులో మెషీన్‌తో బిగించిన బోల్టులు కొన్నిసార్లు పానా మీద ఎక్కి నిలబడితే గానీ కదలవు. ఒక చిన్న చెక్కపలక కూడా వేసుకోండి, మెత్తటి కంకరలో జాకీ ఎత్తేకొద్దీ కిందకి దిగిపోతుంటే దాని కింద పెట్టడానికి.

పెట్రోలు లెక్క సులువే గానీ దాంట్లో పొరపాటుకి చోటు లేదు. బంకులున్నవి మూడే చోట్ల: 56వ మైలు దగ్గర యూకాన్ నది, 175 దగ్గర కోల్డ్‌ఫుట్, ఆ తర్వాత డెడ్‌హార్సే. అంటే కోల్డ్‌ఫుట్ దాటాక డెడ్‌హార్స్ వచ్చేదాకా దాదాపు 240 మైళ్లు బంకు లేదు, మెకానిక్ లేడు. ట్యాంకు సగం ఉన్నా సరే, కోల్డ్‌ఫుట్‌లో నింపకుండా కదలొద్దు. ఎక్స్‌ట్రా క్యాన్ ఒకటి ఉంటే టెన్షన్ ఉండదు.

లారీ ఎదురొస్తుంటే బాగా స్లో చేసి కుడి పక్కకి జరగండి, అది దాటి దుమ్ము తగ్గాకే మళ్లీ వేగం అందుకోండి. ఎగిరొచ్చే రాయి తగిలి అద్దం పగిలేది లారీ ఒక్కదాని వేగం వల్లే కాదు, మీ వేగం కూడా కలిసి. ఫొటో కోసం వంతెన మీదా, మలుపులోనూ, ఎత్తు ఎక్కేచోటా ఆపకండి: నిండు లోడుతో ఎక్కే లారీ మధ్యలో ఆగితే మళ్లీ కదలడం కష్టం. లారీ డ్రైవర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే సీబీ రేడియో దొరికితే 19వ చానల్‌లో పెట్టుకోండి, డ్రైవర్ల మాటల్లోనే ముందున్న రోడ్డు ఎలా ఉందో తెలిసిపోతుంది. ఇంకోటి, తారు కనిపించగానే సంబరపడొద్దు. కింద నేల గడ్డకట్టి కరిగీ కరిగీ తారు అలలు అలలుగా లేచి ఉంటుంది, చాలాచోట్ల దానికన్నా కంకరే నయం.

ఒంటరిగా కాబట్టి ఇది మాత్రం తప్పనిసరి: దారి పొడవునా దాదాపు సెల్ సిగ్నల్ ఉండదు, సిగ్నల్ లేకున్నా ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ పెట్టుకోండి. ఫలానా టైముకి నా నుంచి కబురు రాకపోతే ఫలానా చోటికి ఫోన్ చెయ్యి అని ఒకరికి రాసి ఇచ్చి వెళ్లండి. ఆ ఒకరు ఇండియాలో ఉన్న అమ్మానాన్న కాకుండా అమెరికాలోనే ఉన్న ఫ్రెండ్ అయితే మంచిది, ఇండియాలో ఉన్నవాళ్లకి కంగారు తప్ప చేయగలిగింది ఏమీ ఉండదు.

ఎప్పుడు వెళ్లాలంటే నా ఓటు ఆగస్టు చివరికే. జూన్, జూలైల్లో దోమలు మనిషిని నిలబడనివ్వవు, ఆగస్టు చివరికి అవి తగ్గుతాయి, టండ్రా, అంటే చెట్లు లేని ఉత్తరాది నేల, ఎర్రబడుతుంది, రాత్రి చీకటి పడుతుంది కాబట్టి అదృష్టముంటే ఆకాశంలో రంగుల వెలుగు, అరోరా కూడా కనిపిస్తుంది. చలి బట్టలు మాత్రం ఏ నెలలోనైనా కావాలి. దారిలో 4,739 అడుగుల ఎత్తున్న అటిగన్ పాస్ అనే కొండ కనుమ మీద ఎండాకాలంలో కూడా మంచు పడొచ్చు. పడుతుంటే మొండికేయకుండా వెనక్కి కోల్డ్‌ఫుట్‌కి వచ్చి పడుకోండి.

తిండి మీరే తీసుకెళ్లాలి, ముఖ్యంగా శాకాహారులైతే. పులిహోర, చపాతీలు మొదటి రోజుకి సరిపోతాయి, తర్వాతి రోజులకి వేడినీళ్లు పోస్తే తయారయ్యే ఉప్మా ప్యాకెట్లు, చిన్న స్టవ్. వాసనొచ్చేదేదీ టెంట్‌లో పెట్టుకోకండి, బండిలో పెట్టి తాళం వేయండి. ఎలుగుబంటిని తరిమే బేర్ స్ప్రేని విమానంలో తేనివ్వరు, ఫెయిర్‌బ్యాంక్స్‌లో కొనుక్కోండి.

డెడ్‌హార్స్ చేరగానే సముద్రం కనిపిస్తుందనుకోకండి. అది ఊరు కాదు, చమురు పనివాళ్ల క్యాంపు, సముద్రానికి వెళ్లే దారి చమురు కంపెనీల గేటు లోపల ఉంది. ఆర్కిటిక్ నీళ్లలో కాళ్లు తడపాలంటే అక్కడి షటిల్ టూర్ ఎక్కాల్సిందే, గుర్తింపు కార్డు వివరాలతో కనీసం ఒక రోజు ముందే బుక్ చేసుకోవాలి.

తిరిగి ఫెయిర్‌బ్యాంక్స్ రాగానే బండి కడిగించండి, అడుగు భాగం, రేడియేటర్‌తో సహా. దుమ్ము లేవకుండా ఆ రోడ్డు మీద కాల్షియం క్లోరైడ్ చల్లుతారు, అది కలిసిన బురద ఎండితే గట్టిగా పట్టేస్తుంది, ఇనుమునీ తినేస్తుంది.